యోనాకి చలికాలం విడిది

బాపట్ల,
24 నవంబరు 2002, ఆదివారం

ఒసేయ్ షాహీనా,

ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా "కుదరదు" అననని ముందు నా మీద ఒట్టు వెయ్యి. వేశావా? అయితే కూర్చుని చదువు.

మా యోనా గుర్తున్నాడా? ఎందుకుండడు! నువ్వు రేపల్లెలో మా పక్కింట్లో ఉన్నన్నాళ్ళూ, మీ ఇంట్లో కైమా వండిన రోజున వాడు మా ఇంట్లో గంజి కూడా ముట్టేవాడు కాదు. తొంభై తుఫానులో తాటాకు కప్పు మీద కొట్టుకుపోతున్న కుక్కపిల్లని మా నాన్న మెడలోతు నీళ్ళలో దిగి తెచ్చాడు. బైబిల్లో చేప మింగి వదిలేసిన యోనాలాగా వీడిని నీళ్ళు వదిలిపెట్టాయి కాబట్టి ఆ పేరే పెట్టాడు. నాన్న పోయి నాలుగేళ్ళయింది. యోనాకి పన్నెండు దాటాయి. అమ్మ రోజూ పొద్దున్నే వాడికి పేపరు చదివి వినిపిస్తుంది, నాన్నకి చదివినట్టే. వాడూ నాన్నలాగే సగంలో నిద్రపోతాడు.

సంగతేంటంటే, వచ్చే నెల్లో మా వదినకి పురుడు. అన్నయ్య వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తా కదా, వాళ్ళకి ఉన్నది ఒకటే గది. ఇంటివాళ్ళు కుక్కని గుమ్మం తొక్కనివ్వరు. అమ్మ మార్చి దాకా అక్కడే ఉండాలి. నేనా, బి.ఎడ్. హాస్టల్లో. మా వార్డెన్ శేషారత్నం గారు కిటికీ మీద వాలిన పావురాన్నే "నీకిక్కడ సీటు లేదు" అని తరిమేస్తారు. మంచం కింద దాచుదామా అని ఒక పూట నిజంగానే ఆలోచించాను. నా మతి నాకే నవ్వొచ్చింది.

వేరే కాలమైతే ఎవరింటి అరుగు మీదన్నా ఉండేవాడు. చలికాలం వాడికి పడదే. పోయినేడాది నుంచి వీపు మీద బొచ్చు పలచబడింది. పొద్దున్నే వెనక కాళ్ళు పట్టేసి లేవలేక లేవలేక లేస్తాడు. తెనాలి మొత్తానికి చలికి కప్పేది మీ పరుపుల షాపే. ఒక్క కుక్కకి కప్పలేరా?

ఫోన్ మాత్రం చెయ్యకు. ఇక్కడ ఫోన్ వార్డెన్ బల్ల మీద ఉంది. మీ ఫోన్ మీ అత్తగారి మోకాలి పక్కన ఉందని నువ్వే చెప్పావు.

నీ కాళ్ళు పట్టుకునే
రూబీ


తెనాలి,
28 నవంబరు 2002

కాళ్ళు పట్టుకునే రూబీకి,

ఒట్టు వేశాను, చదివాను, సరే అన్నాను. రంజాన్ ఉపవాసం ఉండి అబద్ధం చెప్పకూడదు కాబట్టి ఇంకోటి కూడా చెబుతున్నా. నాకు వణుకొస్తోంది, అదీ చలికి కాదు.

మా అత్తమ్మ గౌస్ బీ గారి సంగతి నీకు పూర్తిగా తెలియదు. కుక్క తాకిన బట్టతో నమాజ్ చెయ్యదు. అది ఆమె నియమం, అందులో నవ్వడానికేం లేదు. నవ్వొచ్చేది మిగతాది. పోయిన నెలలో ఒక వీధికుక్క మా గడప మీద ముందుకాలు ఒక్కటి పెట్టింది. అత్తమ్మ వసారా అంతా కడిగింది. అక్కడ కూర్చుని టీ తాగుతున్న మా ఆయన్ని కూడా కలిపి కడిగేసింది. ఆయన గ్లాసు ఎత్తి పట్టుకుని "అమ్మా, నేను ఫరూక్‌ని" అంటూనే ఉన్నాడు.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆయన వెంటనే "తెప్పించు" అన్నాడు. మంచివాడేలే. తర్వాత "అమ్మకి ఎవరు చెప్పాలి?" అన్నాడు. ఇద్దరం ఒకేసారి "నువ్వే" అన్నాం. గంటసేపు ఆలోచించి, ఎవరమూ చెప్పకూడదని నిర్ణయించుకున్నాం. దొడ్లో దూది పోసే రేకుల షెడ్డు ఉంది. అత్తమ్మ మోకాళ్ళ నెప్పితో అటువైపు రాదు.

పండగ అయ్యాక పంపు. అప్పుడు అత్తమ్మ మనసు మెత్తగా ఉంటుంది, మా పరుపుల్లాగా.

షాహీనా


బాపట్ల,
3 డిసెంబరు 2002

నా బంగారు షాహీనా,

ఎనిమిదో తారీకు ఆదివారం అమ్మ వాడిని రేపల్లె పాసింజరులో తీసుకొస్తుంది. తెనాలి స్టేషన్లో నీ చేతికిచ్చి, అక్కడే బండి మారి వేటపాలెం వెళ్ళిపోతుంది. అమ్మ చెప్పిన జాగ్రత్తలు ఇవి. నవ్వితే నీ ఖర్మ.

నేల మీద పడుకోనివ్వకు. గచ్చు చలి నేరుగా ఎముకల్లోకి పోతుందట. నాలుగు ఇటుకలు పెట్టి పైన చెక్క వెయ్యి, దాని మీద గోనెసంచిలో వరిగడ్డి కుక్కి పరుచు. పెట్టెలో పడుకోబెడితే దాని తలుపు ఉత్తరం వైపు ఉండకూడదు. వాడి పెట్టె వాడు తిరిగి పడుకునేంత ఉంటే చాలు, మరీ పెద్దదైతే వాడి ఒంటివేడి దాంట్లో నిలవదు. స్నానం సంక్రాంతి దాటేదాకా వద్దు. మంచులో తడిస్తే పొడిగుడ్డతో వేళ్ళ సందుల దాకా తుడవాలి. తాగే నీళ్ళు గోరువెచ్చగా. ఎండ వచ్చాకే షికారు. చలికాలం కాబట్టి ముద్ద కొంచెం ఎక్కువ పెట్టాలి, వేడి గంజి పోసి. కుంపటి మాత్రం దగ్గర పెట్టకూడదు. ముసలాడు కదా, కాలేదాకా తెలుసుకోడు.

అన్నీ చెప్పి, చివర్లో "పేపరు సంగతి కూడా రాయవే" అంది. రాశాను. చదువుతావో లేదో నీ ఇష్టం.

రూబీ


తెనాలి,
16 డిసెంబరు 2002

రూబీ,

కూర్చున్నావా? గోడకి ఆనుకో. మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకో.

ఎనిమిదో తారీకున మీ అమ్మ కమలమ్మ పిన్ని వాడిని నా చేతికిచ్చి, వాడి చెవిలో ఏదో చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా బండెక్కేసింది. కిటికీలోంచి చూస్తే మాత్రం ముక్కు తుడుచుకుంటోంది. నేను, ఫరూక్, యోనా ముగ్గురం రిక్షాలో దొంగల్లాగా దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చాం. మూడు రోజులు ఎవరికీ తెలియదు. వాడు ఒక్కసారి కూడా మొరగలేదు, తెలుసా? అంత బుద్ధిమంతుడు.

కానీ గురక పెడతాడని ఎందుకు చెప్పలేదే?

నాలుగో రోజు మధ్యాహ్నం అత్తమ్మ నమాజ్ అయ్యాక వసారాలో నడుం వాల్చింది. కాసేపటికి లేచి కూర్చుని, "షాహీనా, షెడ్డులో ఎవడో మొగాడు పడుకున్నాడే" అంది.

"లేదు అత్తమ్మా, దూది ఏకే మిషను చప్పుడు."

"కరెంటు లేదు కదే."

పరుపులు దులిపే కర్ర పట్టుకుని, మోకాళ్ళ నెప్పి ఏమైపోయిందో, మా అత్తమ్మ దొడ్లోకి నడిచింది. "ఎవడ్రా తాగుబోతు సచ్చినోడా, లెగు!" అని దూది కుప్ప మీద ఒక్కటి వేసింది. కుప్ప కదిలింది. లోపల్నుంచి తెల్లగా, బొద్దుగా, ఒళ్ళంతా దూది అంటుకుని నీ యోనా లేచి నిలబడ్డాడు.

అత్తమ్మ కర్ర దించేసింది. మొహం వెలిగిపోయింది. "బక్రీద్‌కి ఇంకా రెణ్ణెల్లుంది, అప్పుడే గొర్రెని తెచ్చాడా నా కొడుకు! ఎంత బాగుందే!" అంది.

నేను అవుననేసేదాన్నే. ఆ గొర్రె మొరిగింది.

ఆ తర్వాత విచారణ. ఫరూక్‌నీ నన్నూ వసారాలో నిలబెట్టింది. "ఎక్కడిది?" "రేపల్లె అత్తమ్మా." "పేరేంటి?" "యోనా." అక్కడితో ఆగిపోతే సరిపోయేది. యోనా మాకూ ప్రవక్తే కదా, మా ఆయన తెలివి ఉపయోగించి, "అంటే మన యూనుస్ నబీ అమ్మా" అన్నాడు. "తౌబా తౌబా! నబీ పేరు కుక్కకా! ఇంకోసారి ఆ పేరు పెట్టి పిలిస్తే మిమ్మల్నిద్దర్నీ షెడ్డులో కట్టేస్తా!"

తర్వాత నియమాలు చెప్పింది. కుక్క ఇంట్లోకి రాకూడదు, గడప దాటకూడదు, ఆమెని తాకకూడదు, ఆమె బట్టలారేసే తీగ కిందకి కూడా రాకూడదు. మేం అన్నిటికీ తలూపాం. అప్పుడు నీ వాడు వణికాడు. ఊరికే, ఒక్క వణుకు. అత్తమ్మ వాడిని చూసింది, షెడ్డు కప్పు చూసింది, మమ్మల్ని చూసింది.

"ఈ రేకుల కింద పడుకోబెట్టారా? రాత్రంతా రేకుల నుంచి మంచు కారుతుంది, బుద్ధుందా మీకు? నోరులేని ప్రాణిని తెచ్చి చలిలో పడేస్తారా? రేపు పైన జవాబు చెప్పాల్సింది నేనా, మీరా? వసారాలోకి తెండి!"

ఇప్పుడు వాడు వసారాలో, గడపకి ఇవతల. అత్తమ్మ గడపకి అవతల, మంచం మీద. పేరు పలకదు కాబట్టి ఊరి పేరు పెట్టి పిలుస్తోంది. "ఏయ్ రేపల్లే! ఇటు చూడు. అన్నం తిన్నావా?" అంటే వాడు తోక ఊపుతున్నాడు.

నవ్వి నవ్వి దవడలు నెప్పెట్టిన
షాహీనా


బాపట్ల,
22 డిసెంబరు 2002

గొర్రెల కాపరి షాహీనాకి,

నీ ఉత్తరం మెస్సులో చదివాను. సాంబారు ముక్కులోకి పోయింది. శేషారత్నం గారు వచ్చి "ఎవరు పోయారమ్మా?" అని అడిగారు. ఏడుస్తున్నాననుకున్నారట. చదివి వినిపించాను. ఆవిడ నవ్వు ఈ హాస్టల్లో ఇదే మొదటిసారి వినడమట, సీనియర్లు చెబుతున్నారు.

మా అన్నయ్యకి ఆడపిల్ల పుట్టింది! అమ్మ అక్కడి నుంచి ఉత్తరం రాసింది. పాప గురించి నాలుగు వాక్యాలు, యోనా గురించి రెండు పేజీలు. గడ్డి వేశారా లేదా అని మూడుచోట్ల అడిగింది. వేశారా?

ఇక్కడ సముద్రపు గాలికి తెల్లారేసరికి దుప్పటి చెమ్మగా ఉంటోంది. వాడు గుర్తొస్తున్నాడు.

రూబీ


తెనాలి,
5 జనవరి 2003

రూబీ,

గడ్డి మాట అత్తమ్మ దగ్గర ఎత్తి పెద్ద తప్పు చేశాను. "మూడు తరాలుగా దూది ఏకే ఇల్లు ఇది. ఇంటికొచ్చిన వాడిని గడ్డి మీద పడుకోబెడతామా? ఊళ్ళో తలెత్తుకోగలమా?" అంది. ఇటుకలు పెట్టించింది, చెక్క వేయించింది, పైన మాత్రం దూది పరుపే. పెళ్ళివాళ్ళకి కుట్టే మేలురకం దూది పోయించి, అంచులు రెండు వరసలు కుట్టించింది. నాకు పెళ్ళిలో ఇచ్చిన పరుపు కంటే మెత్తగా ఉంది. ఈ మాట ఆయనతో అన్నాను. "నువ్వు గురక పెట్టవు కదా" అన్నాడు. ఏంటో ఆ లెక్క!

అసలు విశేషం ఇది. పెళ్ళి బొంతకి తెచ్చిన గులాబీరంగు శాటిన్ ముక్క మిగిలితే, అత్తమ్మ దాంట్లో పలచగా దూది పరిచి కోటు కుట్టించింది. పొట్ట కింద రెండు ముడులు, మెడ దగ్గర జరీ అంచు. కొలతలు తియ్యాలంటే వాడిని తాకకూడదు కదా. గడపకి అవతల నిలబడి "మెడ ఇంకొంచెం వదులు పెట్టు, నడుం బిగించు, ఊపిరాడుతుందా చూడు" అని నన్ను ఉరుకులు పరుగులు పెట్టించింది.

ఎండెక్కాక ఆ కోటుతో కాలవ గట్టు మీద షికారు తీసుకెళ్తే రిక్షాలు ఆగిపోయాయి. ఒక పెద్దాయన సైకిల్ దిగి నమస్కారం పెట్టాడు, నాకు కాదు. రిటైరైన తాసీల్దారు జనార్దనరావు గారు షాపుకొచ్చి వసారాలోకి చూస్తూ ఉండిపోయారు. "మూడు పూటల నుంచి చూస్తున్నానమ్మా, వాడు పక్క కూడా తిరగడం లేదు. నాకు సరిగ్గా ఆ పరుపే కావాలి" అన్నారు. "అది కుక్క పరుపండి" అంటే "పర్లేదమ్మా, నిద్ర పడితే చాలు" అన్నారు.

పేపరు కూడా చదువుతున్నాను. అత్తమ్మ "గట్టిగా చదువు, వాడికి చెవుడు" అంటుంది. వాడికి లేదు, ఆమెకే.

షాహీనా


తెనాలి,
19 జనవరి 2003

ప్రియమైన రూబీకి,

మేమంతా బాగానే ఉన్నాం. యోనా బాగున్నాడు. చలి కొంచెం ఎక్కువగా ఉంది. పని ఒత్తిడి వల్ల ఎక్కువ రాయలేకపోతున్నాను. బాగా చదువుకో.

ఇట్లు,
షాహీనా


బాపట్ల,
23 జనవరి 2003

షాహీనా,

"ఇట్లు" ఏంటే? "ప్రియమైన" ఏంటి? పదిహేనేళ్ళలో నువ్వు నన్ను ఒక్కసారి కూడా ప్రియమైన అనలేదు. ఆ ఉత్తరంలో ఒక్క నవ్వు లేదు. నాలుగు ముక్కలు రాసి "బాగున్నాడు" అన్నావు.

వాడు ఉన్నాడా? అది ఒక్కటి చెప్పు. అమ్మకి నేనేం రాయాలి?

రూబీ


తెనాలి,
27 జనవరి 2003

రూబీ,

ఉన్నాడు. ముందు అది చదువుకో. ఉన్నాడు, తింటున్నాడు, ఇప్పుడే నా చెప్పు ఒకటి ఎత్తుకుపోయాడు. నీకు ఇంటర్నల్ పరీక్షలు కదా అని దాచాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెబుతాను.

పదిహేడో తారీకు పొద్దున. రెండు రోజుల నుంచి కాలవ మీద లేచిన మంచు ఇళ్ళలోకి వచ్చేస్తోంది. ఎదురింటి గుమ్మం కనపడదు. ఫరూక్ దూది బేళ్ళ కోసం ముందురోజే గుంటూరు వెళ్ళాడు. అత్తమ్మ తెల్లవారుజామున నమాజ్‌కి కాళ్ళూ చేతులూ కడుక్కుని, వజూ చేసుకుని వస్తూ, రోజూలాగే "ఏయ్ రేపల్లే" అంది. తోక చప్పుడు లేదు. మళ్ళీ పిలిచింది. నన్ను లేపింది.

నేను దీపం పట్టుకుని చూశాను. కళ్ళు సగం మూసి ఉన్నాయి. వణకడం కూడా లేదు. వణకట్లేదు కదా, పర్లేదేమో అనుకున్నాను, మూర్ఖురాల్ని. చెవులు పట్టుకుంటే మంచులాగా ఉన్నాయి. కింద చెయ్యి పెడితే పరుపు తడి. ముసలాడు, రాత్రి ఆపుకోలేకపోయాడు. పైనుంచి మంచు. ఆ మేలురకం దూది అంతా నీళ్ళు పీల్చుకుని చల్లబడిపోయింది. వాడు రాత్రంతా దాని మీదే ఉన్నాడు. లేవడానికి కాళ్ళు రాలేదు, పిలవడానికి వాడికి అలవాటు లేదు.

నేను ఏడుస్తూ పొయ్యి దగ్గరికి తీసుకెళ్దామన్నాను. "పిచ్చిదానా, నిప్పు వద్దు" అంది అత్తమ్మ. గడప దాటి వచ్చింది రూబీ. వజూ చేసుకున్న మనిషి, నమాజ్‌కి కట్టుకున్న చీరతో, ఆ తడి పరుపు మీద నుంచి వాడిని రెండు చేతులతో ఎత్తుకుంది. వసారాలో కూలబడి ఒళ్ళో పెట్టుకుంది. కోటు తడిసిపోయి ఉంటే విప్పించి, పొడిగుడ్డతో ఒళ్ళంతా తుడిపించి, తన ఉన్ని శాలువా చుట్టింది. తన మోకాళ్ళకి కాపడం పెట్టుకునే రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోయించి, గుడ్డ చుట్టి వాడి పొట్ట దగ్గర పెట్టింది. "నువ్వెళ్ళి డాక్టర్ని తీసుకురా, నేనున్నాను" అంది.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు బర్నబాస్ గారి ఇల్లు రెండు వీధుల అవతల. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఆయన లుంగీ మీదే వచ్చాడు. వాడి చిగుళ్ళు చూసి, గుండె మీద చెయ్యి పెట్టి, "వణుకు ఆగిపోయిందంటే ఒంట్లో శక్తి అయిపోయినట్టమ్మా. ఈ పెద్దామె చేసిందే మందు. మెల్లగా వెచ్చబడాలి, అంతే" అని సూది వేశాడు.

నేను వచ్చేసరికి అత్తమ్మ వాడి చెవిలో మాట్లాడుతోంది. "ఒరే రేపల్లే, మీ వాళ్ళకి నేను మొహం ఎలా చూపించాలిరా. దూది దూది అని గొప్పలకి పోయాను. తడిసిన దూది శవంతో సమానమని నాకు తెలియదా. నలభై ఏళ్ళ నుంచి ఏకుతున్నాను. లెగరా. లెగు నాయనా." అత్తమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఎనిమిదింటికి వణుకు మొదలైంది. వణుకు చూసి సంతోషించడం ఎప్పుడన్నా విన్నావా? ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తూ నవ్వాం. తొమ్మిదింటికి గోరువెచ్చటి పాలు నాకాడు. పదింటికి తల ఎత్తి, అత్తమ్మ మొహం నిండా ఒక్క నాకుడు నాకాడు. ఆమె "తౌబా!" అని ఎంత గట్టిగా అరిచిందంటే ఎదురింటి సుశీల గారు పరిగెత్తుకొచ్చారు.

స్నానం చేసి, చీర మార్చుకుని, తప్పిపోయిన నమాజ్ చేసుకుంది. దాని తర్వాత మొదటి మాట: "కొల్లిపర నుంచి గడ్డి తెప్పించండి." ఇప్పుడు కింద గోనెలో గడ్డి, వారానికోసారి మార్పు. పైన కప్పడానికి మాత్రమే మా బొంత. రాత్రి పడుకోబోయే ముందు వాడిని దొడ్లోకి తీసుకెళ్ళడం ఫరూక్ డ్యూటీ. అత్తమ్మ ఒక పాత నేతచీర పక్కన పెట్టుకుంది, దాని పేరు కుక్క చీర. నమాజ్ అవగానే అది కట్టుకుని వసారాలోకి వచ్చేస్తుంది. మసీదులో అజాన్ వినపడగానే స్నానాల గదిలోకి పరుగు. రోజుకి ఎన్నిసార్లు చీర మారుస్తోందో చూసి, కొత్త పెళ్ళికూతురు మీరా నేనా అని అడిగాను. కర్ర విసిరింది.

దాచినందుకు క్షమించు.

షాహీనా


బాపట్ల,
2 ఫిబ్రవరి 2003

షాహీనా,

నువ్వు క్షమించమన్నావు. నేనేం చెప్పాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

నేనూ ఒకటి దాచాను. నవంబరులో నీకు ఉత్తరం రాసే ముందు వాడిని రేపల్లెలో పశువుల డాక్టరుకి చూపించాను. గుండె బలహీనంగా ఉంది, ఈ చలికాలం దాటితే గొప్ప అన్నాడు. అమ్మకి చెప్పలేదు, చెబితే వేటపాలెం వెళ్ళేది కాదు. నీకు చెప్పలేదు, చెబితే భయపడి వద్దంటావని. వాడు ఎక్కడో ఒకచోట పోయేదే అయితే, మనిషి చెయ్యి దగ్గర్లో ఉన్నచోట పోతే చాలని, ఆ బరువు నీ నెత్తిన పెట్టాను. నవ్వుతూ పెట్టాను. అదే నాకు సిగ్గుగా ఉంది.

తిట్టు. పోస్టుకార్డు మీద తిట్టు, హాస్టలంతా చదవనీ.

రూబీ


తెనాలి,
9 ఫిబ్రవరి 2003

అమ్మాయి రూబీకి గౌస్ బీ చెప్పి రాయించేది,

షాహీనా నీ మీద అలిగింది, నేను చెబుతుంటే మూతి ముడుచుకుని రాస్తోంది. (ముడవలేదు. షాహీనా.) మధ్యలో నీ మాటలు రాయకే, కాగితం అయిపోతుంది.

అమ్మాయీ, గుండె సంగతి ముందే చెబితే మేం వద్దంటామనుకున్నావు. నిజమే. వద్దనేదాన్నే. నా వసారాలో ప్రాణం పోతే ఎవరికి జవాబు చెప్పాలని భయపడేదాన్ని. చెప్పకపోబట్టి వాడు వచ్చాడు. కాబట్టి నువ్వు చేసింది తప్పే, అయినా మంచిదే. దీన్ని ఇంతటితో వదిలెయ్యి.

వాడు బక్రీద్ పనుల్లో నాకు బాగా అడ్డం వస్తున్నాడు. కైమా వాసన కనిపెట్టాడు. ఉప్పూ కారం లేకుండా వాడికి వేరే వండుతున్నాను. నాకు బీపీ, నాకెవరూ అలా వండిపెట్టలేదు. (వండుతానంటే చప్పగా ఉంటుందని వద్దంది. షాహీనా.)

చలి ఇంకా ఉంది. మీ అమ్మకి తొందరేం లేదని చెప్పు. పసిబిడ్డని చూసుకోమను.

గౌస్ బీ, వేలిముద్ర కాదు, సంతకమే


తెనాలి,
6 ఏప్రిల్ 2003

రూబీ,

అలక పోయిందని మార్చిలోనే కార్డు రాశాను, అందింది కదా. ఇప్పుడు పెద్ద చిక్కొచ్చిపడింది.

మీ అమ్మ రేపల్లె తిరిగొచ్చిందనీ, శనివారం వాడిని తీసుకెళ్ళడానికి వస్తోందనీ నువ్వు రాసింది అత్తమ్మకి చదివి వినిపించాను. "శనివారమా? ఇంకా చలిగా ఉంది కదే" అంది.

రూబీ, ఇక్కడ ఎండకి రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. జనార్దనరావు గారు గొడుగు లేకుండా గుమ్మం దిగడం లేదు. ఆమె టేబుల్ ఫ్యాను వసారాలోకి తెప్పించి వాడి వైపు తిప్పి, పక్కనే కూర్చుని "చలి" అంటోంది. మార్చిలో అడిగితే "శివరాత్రి మొన్నే కదా వెళ్ళింది" అంది. మొన్న ఫరూక్ "అమ్మా, చెమటలు పడుతున్నాయి" అంటే, "నీకు పడుతున్నాయి. వాడు ముసలాడు" అంది.

పిన్ని వాడిని ఎంత ప్రేమగా చూసుకుంటుందో నాకు తెలుసు. వాడు బాబాయి గారు నీళ్ళలోంచి తెచ్చిన పిల్ల. నేనేం చెప్పగలను? వాడిని పంపితే ఇక్కడ ఒకామె అన్నం మానేస్తుంది. పంపకపోతే అక్కడ ఒకామె. గొలుసు తీసుకుని రానీ. ఆ రోజు నేను వంటింట్లో దాక్కుంటాను.

షాహీనా


రేపల్లె,
14 ఏప్రిల్ 2003

ఒసేయ్ షాహీనా,

వంటింట్లో దాక్కుని నువ్వు ఏం చూశావో ఏం చూడలేదో. అమ్మ చెప్పింది నేను చెబుతాను, విను.

సెలవులకి ఇంటికొచ్చాను కదా, శనివారం సాయంత్రం బండికి స్టేషన్‌కి వెళ్ళాను. వాడికోసం రొట్టె కూడా తీసుకెళ్ళాను. అమ్మ దిగింది. చేతిలో సంచి ఉంది, మీ అత్తగారిచ్చిన కొత్త దిండు చంకలో ఉంది. వాడు లేడు. "యోనా ఏడమ్మా?" అన్నాను. సంచి నా చేతికిచ్చి నడిచింది. ఇంటికొచ్చి, ఫ్యాను వేసుకుని, కుండలో నీళ్ళు రెండు గ్లాసులు తాగి, అప్పుడు కూర్చుంది.

అమ్మని చూడగానే వాడు లేచి వచ్చాడట. వెనక కాళ్ళు రెండూ బాగా ఆనించి వచ్చాడట. ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లాడిలా మూలిగాడట. అమ్మ జీడిపప్పు పెడితే తిన్నాడు. చేతులు నాకాడు. గంటసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లేచి, మెల్లగా వెళ్ళి, గడపకి వీపు ఆనించి పడుకున్నాడు. గడపకి అవతలి వైపు మీ అత్తగారి మంచం.

"ఆవిడ నాకు ఎదురు చెప్పలేదే" అంది అమ్మ. "'వాడు మీవాడు వదినా, తీసుకెళ్ళండి' అంది. తనే లేచి గిన్నె కడిగింది, బొంత మడత పెట్టింది. పాత చీర ఒకటి తెచ్చి, దీని వాసన వాడికి అలవాటు, పక్కలో వెయ్యండి అంది. అది నా చేతిలో పెడుతూ, ఇంకొక్క వారం ఆగితే చలి పూర్తిగా తగ్గేది అంది. నా మొహం చూడకుండా అంది."

"నువ్వేమన్నావు?"

అమ్మ లేచి ఫ్యాను వేగం పెంచింది. "నాన్నకి నేను పేపరు చదివేదాన్ని కదా. ఆయన పోయాక యోనా లేకపోతే నాకు మాటే పడిపోయేది. ఇప్పుడు పాప ఉంది, నెలకోసారి వేటపాలెం వెళ్ళాలి. ఆవిడకి వాడే ఉన్నాడు" అంది. తర్వాత చెంగుతో మెడ మీద చెమట తుడుచుకుంది. "నేనూ చెయ్యి బయట పెట్టి చూశానే. అవును వదినా, చలిగానే ఉంది, తగ్గాక చూద్దాం అన్నాను. బొంత మళ్ళీ పరిచేశాం."

నేను ఏడ్చాను, తర్వాత నవ్వాను. రెండిట్లో ఏది ముందో గుర్తులేదు. అమ్మ మాత్రం లేచి ట్రంకుపెట్టె తెరిచి, లోపల ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఇంత ఎండలో ఏం వెతుకుతున్నావమ్మా అన్నాను.

"నా స్వెట్టరు ఎక్కడ పెట్టావే? ఆదివారం మళ్ళీ తెనాలి వెళ్తున్నాను" అంది.

రూబీ